నల్లరేగడి కింద నీళ్లు ఎంత భద్రం? మీ ఊరి భూగర్భ జలాలకు ముప్పు ఎక్కడుందో లెక్కగట్టడం ఎలా

మే నెలలో ఒక మధ్యాహ్నం, పత్తికట్టె పీకేసిన చేనులోకి వెళ్లండి. వెంట నాలుగడుగుల బైండింగ్ వైరు ఒకటి పట్టుకెళ్లండి. నల్లరేగడి అప్పటికి నెర్రెలు విచ్చి ఉంటుంది. వెడల్పుగా ఉన్న నెర్రె ఒకటి చూసుకుని వైరును మెల్లగా దింపండి. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో, ధర్మాబాద్ పక్కన మా చేనులో నేను దింపినప్పుడు రెండున్నర అడుగుల దాకా ఎక్కడా తగల్లేదు. ఫోన్ టార్చి వేసి వంగి చూస్తే మూరెడు లోతులో దూది పింజ ఒకటి ఇరుక్కుని ఉంది. పైన రాలిన దూదే అక్కడికి దిగిందంటే, తొలకరి వానకు కరిగిన యూరియా దిగడానికి అడ్డేముంది?

మా దిక్కు పెద్దలు ఒక మాట అంటుంటారు: "మనది నల్లరేగడి, నీళ్లే కిందికి దిగవు, ఇంక మందులేం దిగుతయి?" ఆగస్టులో ఆ మాట చాలావరకు నిజం. మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి, నీళ్లు చేను మీదే నిలుస్తాయి. జూన్‌లో మాత్రం నిజం కాదు. మనం ఎరువు చల్లేది, మొదటి పెద్దవాన పడేది కూడా ఆ జూన్‌లోనే.

కేంద్ర భూగర్భ జల మండలి 2024లో ఇచ్చిన నీటి నాణ్యత నివేదిక, ఎరువు, పెంట నుంచి నీళ్లలోకి చేరే నైట్రేట్ ఎక్కువగా ఉన్న జిల్లాల్లో నాందేడ్, యవత్మాల్ పేర్లను చెప్పింది. సరిహద్దుకు అవతల, తెలంగాణలోని ఆదిలాబాద్ పేరు కూడా అందులో ఉంది. జిల్లా పేరు వినగానే టెన్షన్ పడితే పనికాదు. జిల్లా అంతా ఒకేలా ఉండదు, ఊరంతా కూడా ఒకేలా ఉండదు. వాగు పక్క బావికి ఉన్న ముప్పు గుట్ట కింది బావికి ఉండదు. మీ ఊళ్లో ఏ చోట ముప్పు ఎక్కువో, ఏ చోట తక్కువో మీరే కనుక్కోవచ్చు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఓపిక పడితే చాలు.

ముందు ఒక తేడా మనసులో పెట్టుకోండి. నీళ్లు ఇప్పటికే చెడ్డాయా అన్నది ఒక ప్రశ్న, దానికి ల్యాబ్ జవాబు చెబుతుంది. పైన ఏదైనా పడితే కిందికి చేరడం ఎంత సులువు అన్నది వేరే ప్రశ్న. మనం మొదట లెక్కగట్టేది ఈ రెండో దాన్ని. నీళ్లు బాగున్నప్పుడే ఈ లెక్క వేసుకోవాలి. బావి ఒకసారి చెడితే తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది, రాతి కింది నీళ్లు వాగులా కొట్టుకుపోవు కదా.

లెక్క ఎలాంటిదో ముందు తెలుసుకోండి

1987లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కోసం తయారుచేసిన డ్రాస్టిక్ అనే పద్ధతి ఉంది. ప్రపంచమంతా ఎక్కువగా వాడేది అదే. ఏడు విషయాలు చూడాలి. ఒక్కో దానికి 1 నుంచి 10 వరకు మార్కులు వేయాలి. ప్రతి విషయానికీ ముందే ఒక బరువు నిర్ణయించి ఉంటుంది. మార్కును బరువుతో గుణించి, ఏడింటినీ కూడాలి. మొత్తం ఎంత ఎక్కువైతే ముప్పు అంత ఎక్కువ.

పంట భూములకు ఇందులోనే వేరే బరువులు ఉన్నాయి, మనం అవే వాడాలి: నీటిమట్టం లోతుకు 5, వాననీరు దిగే మోతాదుకు 4, నీళ్లున్న రాతి పొరకు 3, పైమట్టికి 5, వాలుకు 3, పైమట్టికీ నీటిమట్టానికీ మధ్యనున్న పొడి పొరకు 4, నీళ్లు రాతిలో పారే వేగానికి 2. మామూలు పద్ధతిలో పైమట్టి బరువు 2 మాత్రమే. పంట భూముల్లో దాన్ని 5 చేయడానికి కారణం ఉంది. ఎరువు, పురుగుమందు ముందు తగిలేది పైమట్టికే. అది పట్టుకుంటే పట్టుకుంది, లేకపోతే లేదు.

ఈ బరువులతో మొత్తం తక్కువలో తక్కువ 26, ఎక్కువలో ఎక్కువ 256 వస్తుంది. ఇన్ని దాటితే ప్రమాదం అని గీత గీసి చెప్పే అంకె ఏదీ లేదు. ఒక చోటును ఇంకో చోటుతో పోల్చుకోవడానికే ఈ లెక్క. ఇది మరిచిపోతే ఒక్క అంకె పట్టుకుని ఊరంతా గొడవలవుతాయి.

ఊరిని గళ్లుగా విడగొట్టండి

ఈ పద్ధతి 100 ఎకరాలకు తక్కువైన చోట నమ్మదగ్గది కాదు. ఒక్క బావికి, ఒక్క మడికి వాడొద్దు. ఊరి రెవెన్యూ అధికారి (తలాఠీ) దగ్గర ఊరి నక్షా తీసుకోండి. దాని మీద 640 మీటర్ల చదరాలు గీస్తే ఒక్కోటి సుమారు 100 ఎకరాలు అవుతుంది. 1500 ఎకరాల శివారు ఉన్న ఊరికి పదిహేను గళ్లు. ఒక్కో గడిలో కనీసం రెండు పాత బావులు ఎంచుకోండి. బోరు కన్నా బావి మేలు, ఎందుకో ఇప్పుడే చెబుతాను.

నీటిమట్టం కొలవండి

పొద్దున్నే, మోటార్ వేయక ముందు వెళ్లాలి. రాత్రంతా ఆగి ఉన్న బావిలోనే అసలు మట్టం తెలుస్తుంది. తాడుకు అడుగడుగుకూ ముడి వేసి, చివర చిన్న స్టీలు గ్లాసును బోర్లించి కట్టండి. నీటిని తాకగానే 'టప్' మని వినిపిస్తుంది. చీకటి బావిలో కంటితో చూడటం కన్నా చెవి నమ్మకం. వచ్చిన కొలతలోంచి బావి గోడ ఎత్తు తీసేయండి, మనకు కావలసింది నేల నుంచి లోతు. నేను మొదటిసారి ఈ సంగతి మరిచి, పన్నెండు బావుల కొలతలూ మూడేసి అడుగులు ఎక్కువ రాశాను. మళ్లీ తిరగాల్సి వచ్చింది.

బోరు కొలత ఎందుకు వద్దంటే, లోతులో తగిలిన నీళ్లు ఒత్తిడి మీద పైకి లేస్తాయి. బోరులో 40 అడుగుల దగ్గర కనిపించే నీళ్లు నిజానికి 200 అడుగుల కింది పగులులో దొరికినవి అయి ఉండొచ్చు. అలాంటి బోరు కొలత వేస్తే లెక్క మొత్తం తప్పుతుంది.

మే చివర ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కొలవండి. మార్కులు వేసేటప్పుడు అక్టోబర్ కొలతే వాడమని నా సలహా. నీళ్లు నేలకు దగ్గరగా ఉన్నప్పుడే కదా ముప్పు. 5 అడుగుల లోపైతే 10 మార్కులు, 5 నుంచి 15 అయితే 9, 15 నుంచి 30 అయితే 7, 30 నుంచి 50 అయితే 5, 50 నుంచి 75 అయితే 3, 75 నుంచి 100 అయితే 2, వంద దాటితే 1.

గోదావరి ఒడ్డు ఊళ్ల వాళ్లకు ఇంకో కొలత అవసరం. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ గేట్లు జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకు తెరిచి ఉంటాయి, ఆ తర్వాత మూస్తారు. అంటే ఊరి నడుమ బావులు దిగిపోయే రోజుల్లో ఏటి పక్క నీళ్లు నిలుస్తాయి. అక్కడి బావుల్ని డిసెంబర్‌లో కూడా కొలిచి, అక్టోబర్ కొలత కన్నా నీళ్లు పైకి ఉంటే దాన్నే వాడండి.

మహారాష్ట్ర ప్రభుత్వ భూగర్భ జలాల సంస్థ (భూజల సర్వేక్షణ ఆణి వికాస యంత్రణా) వాళ్లకు చాలా ఊళ్లలో పరిశీలన బావులున్నాయి. ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తారు. మీ ఊళ్లో అలాంటి బావి ఉందేమో నాందేడ్‌లోని జిల్లా ఆఫీసులో అడగండి. ఏళ్ల తరబడి కొలతలు ఒక్కచోట దొరికితే మీ రెండు కొలతలకు ఎంతో బలం.

బావి గోడను చదవండి

నాకు అన్నింటికన్నా ఇష్టమైన పని ఇదే. ఒర కట్టని పాత మోటబావి దొరికితే పొద్దున ఎండ ఒక పక్క గోడ మీద పడే వేళకు వెళ్లి, పై నుంచి కిందికి మెల్లగా చూడండి. గట్టు మీద కూర్చుని చూస్తే చాలు, లోపలికి దిగకండి. పాత బావుల్లో ఊపిరాడక పోయిన ప్రాణాలు ఉన్నాయి.

నాందేడ్ జిల్లాలో చాలా భాగం దక్కన్ బసాల్ట్, అంటే మనం నల్లరాయి అనేది. తూర్పుకు, బిలోలి, దెగ్లూర్, ధర్మాబాద్ దిక్కుకు వచ్చేకొద్దీ గ్రానైట్ తేలుతుంది. రెండూ కలిసే ఊళ్లు కూడా ఉన్నాయి, ఒకే శివారులో ఒక బావి నల్లరాయిలో, ఇంకోటి గ్రానైట్‌లో. మీ ఊరు అలాంటిదైతే గళ్ల లెక్క మరీ అవసరం.

నల్లరాయి బావిలో పైన మూడు నాలుగు అడుగులు రేగడి. దాని కింద చేత్తో నలిపితే పొడయ్యే మొరం. ఆ కింద ఉల్లిపొరల్లా ఊడే గుండ్లు, వాటి మధ్య పగుళ్లు. కొన్నిచోట్ల రాయి నిండా బుడగల్లాంటి తూట్లు, ఆ తూట్లలో తెల్లటి స్ఫటికాలు మెరుస్తుంటాయి. లావా చల్లారేటప్పుడు గాలి బుడగలు వదిలిన గుర్తులవి. ఈ తూట్ల రాయి, పగుళ్ల రాయి నీళ్లను బాగా దింపుతాయి, వాటితో పాటు వచ్చినదాన్నీ దింపుతాయి. ఒక లావా పొరకూ ఇంకో పొరకూ మధ్య ఎర్రమట్టి పట్టీ కనిపిస్తే సంతోషించండి. అది జిగట మట్టి, కిందికి పోయేదాన్ని కొంత ఆపుతుంది. ఆ పట్టీ ఎన్ని బావుల్లో, ఏ లోతులో ఉందో తప్పకుండా రాసుకోండి.

గ్రానైట్ బావి గోడ వేరు. పైన చెలక, అంటే ఎర్రటి ఇసుక మట్టి, దాని కింద గరుకు మొరం, ఆ కింద గట్టిరాయి, అక్కడక్కడ ఒకటో రెండో పగుళ్లు.

నీళ్లున్న పొరకు మార్కులు: అరిగిన గ్రానైట్‌కు 3 నుంచి 5, బసాల్ట్‌కు 2 నుంచి 10, ఇసుక గులకరాళ్ల ఒండ్రుకు 4 నుంచి 9. బసాల్ట్‌కు అంత పెద్ద తేడా ఎందుకంటే, పగుళ్లు లేని నల్లరాయి మూతపెట్టినట్టే ఉంటుంది, తూట్లూ పగుళ్లూ ఉన్నది జల్లెడలా ఉంటుంది. మీ కన్నే ఇక్కడ కొలబద్ద. మట్టికీ నీటికీ మధ్య పొరకు కూడా ఇలాగే: జిగట మట్టి అయితే 2 నుంచి 6, గ్రానైట్ అయితే 2 నుంచి 8, బసాల్ట్ అయితే 2 నుంచి 10. ఇద్దరు విడివిడిగా చూసి మార్కులు వేసుకుని, తర్వాత పోల్చుకోండి. రెండు మార్కులకు మించి తేడా వస్తే ఇద్దరూ కలిసి మళ్లీ ఆ బావి దగ్గరికే వెళ్లాలి.

పైమట్టి దగ్గర తొందరపడొద్దు

గడిలో నాలుగైదు చోట్ల జానెడు లోతు మట్టి తీయండి. తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రిబ్బన్‌లా సాగదీయండి. రెండంగుళాలు తెగకుండా సాగితే జిగట మట్టి. అంగుళం లోపే తెగితే గరప, అంటే ఇసుకా జిగటా కలిసిన మట్టి. అసలు సాగకపోతే దుబ్బ, ఇసుక.

ఇసుకకు 9, ఇసుక గరపకు 6, గరపకు 5, జిగట గరపకు 3. ఉబ్బడం, కుంచించుకోవడం లేని జిగట మట్టికి 1. ఎండకు నెర్రెలు విచ్చే జిగట మట్టికి 7. మట్టి పొర అసలు లేక రాయి తేలితే 10.

చూశారా, రెండూ జిగట మట్టే, ఒకదానికి 1, ఇంకోదానికి 7. చాలా నివేదికల్లో నల్లరేగడికి 'బంకమట్టి' అని రాసి 1 వేసేస్తారు. బరువు 5 కాబట్టి అక్కడే 30 మార్కులు పోతాయి, ముప్పు ఎక్కువున్న గడి కాస్తా భద్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే మొదట్లో చెప్పిన వైరు పని. మే నెలలో ఒక్కో గడిలో పది నెర్రెలు కొలిచి లోతు రాయండి. అడుగున్నర దాటితే 7 వేయడానికి వెనకాడొద్దు.

వాననీరు ఎంత దిగుతుంది

ఏడాది వానను 900 మిల్లీమీటర్లు అనుకుందాం. మన దేశంలో భూగర్భ జలాల అంచనాకు వాడే ప్రమాణాల ప్రకారం తూట్లూ పగుళ్లూ ఉన్న బసాల్ట్‌లో వాననీటిలో 13 శాతం, అరిగి మట్టైన బసాల్ట్‌లో 7 శాతం, జిగట తక్కువున్న అరిగిన గ్రానైట్‌లో 11 శాతం కిందికి దిగుతుంది. అంటే వరసగా 117, 63, 99 మిల్లీమీటర్లు. మార్కులు: 51 లోపు 1, 51 నుంచి 102 అయితే 3, 102 నుంచి 178 అయితే 6, 178 నుంచి 254 అయితే 8, ఆపైన 9. యాసంగిలో తడులిచ్చే చెరుకు, పసుపు, మిరప ఎక్కువున్న గడి అయితే తడినీరు కూడా కొంత దిగుతుంది. హద్దు దగ్గర ఉన్న అంకెను పై మెట్టుకు జరపండి.

వాలు సంగతి సులువే. వంద అడుగుల దూరానికి రెండడుగుల లోపు వాలితే 10, ఆరడుగుల దాకా 9, పన్నెండు దాకా 5, పద్దెనిమిది దాకా 3, ఆపైన 1. మన దిక్కు చేలన్నీ 9, 10లోనే పడతాయి. నీళ్లు రాతిలో పారే వేగానికి పంపింగ్ పరీక్షలు కావాలి, అది మన చేతిలో పని కాదు. గట్టిరాతి ప్రాంతాల్లో సాధారణంగా 1 లేదా 2 వేస్తే సరిపోతుంది, బరువు కూడా రెండే.

రెండు గళ్లు కూడి చూద్దాం

ఒకటి వాగు పక్క నల్లరేగడి గడి. అక్టోబర్‌లో నీళ్లు 12 అడుగులు: 9×5=45. వాననీరు 117: 6×4=24. తూట్ల బసాల్ట్‌కు 8 వేద్దాం: 24. నెర్రెల మట్టి: 7×5=35. వాలు: 10×3=30. మధ్య పొర పగుళ్ల బసాల్ట్, దానికి 8: 32. వేగం: 2×2=4. మొత్తం 194.

రెండోది గుట్ట వైపు చెలక గడి. నీళ్లు 40 అడుగులు: 25. వాననీరు 99: 12. అరిగిన గ్రానైట్‌కు 4: 12. ఇసుక గరప: 30. వాలు నాలుగు శాతం: 27. మధ్య పొరకు 4: 16. వేగం: 2. మొత్తం 124.

ఎవర్ని అడిగినా చెలకలోనే మందు దిగుతుందంటారు. లెక్క తిరగబడింది. 70 మార్కుల తేడాలో పైమట్టి వాటా 5 మాత్రమే, నీటిమట్టం లోతుది 20, మధ్య పొరది 16. మనం కంటితో చూసేది మట్టిని, బావిని కాపాడేది కంటికి కనబడని ఆ మధ్య పొర.

ఇప్పుడు పైన ఎంత పోస్తున్నారో లెక్కేయండి

దారి తెరిచి ఉండటం ఒకటి, ఆ దారిలో ఏం పోతుందన్నది ఇంకొకటి. ఇది ఆఫీసు కాగితాల్లో దొరకదు, అడగాల్సిందే. ఊరి మనిషి ఊరి మనిషిని అడిగితేనే నిజం బయటికి వస్తుంది.

"మామా, ఈసారి మిరపకు యూరియా ఎన్ని బస్తాలు పోసినవే?"

"ఎకరాకు మూడు పోసిన బిడ్డా. డీఏపీ వేరే."

45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. మూడు బస్తాలకు 62 కిలోలు. ఇందులో పంట తీసుకోగా, గాలిలో కలవగా, ఎకరాకు 5 కిలోలు మాత్రమే నీటితో కిందికి జారిందనుకోండి. అది పావు బస్తా యూరియాలోని నత్రజని కూడా కాదు. 5 కిలోల నత్రజని నైట్రేట్‌గా మారితే 22 కిలోలు. ఎకరంలో 100 మిల్లీమీటర్ల నీళ్లు దిగితే అవి 4 లక్షల లీటర్లు. భాగించండి: లీటరుకు 55 మిల్లీగ్రాములు. తాగునీటికి భారత ప్రమాణం 45. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను కాగితం పక్కన పెట్టి మా ఇంటి బావి వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

గడిగడికీ పంట, బస్తాలు, పశువుల కొట్టాలు, పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంతలు రాసుకోండి. పురుగుమందుల పేర్లు కూడా రాయండి. అన్నీ ఒకేలా దిగవు. మట్టిని అంటిపెట్టుకునేవి పైనే ఉండిపోతాయి. చెరుకు, మొక్కజొన్నల్లో కలుపుకు కొట్టే అట్రజిన్ లాంటివి చాలాకాలం ఉంటాయి, మట్టిని గట్టిగా పట్టుకోవు, అందుకే నీటితో దిగుతాయి.

బావి నోటి దగ్గర తప్పులు వేరే పట్టీ రాయండి

డ్రాస్టిక్ లెక్క, పైన పడింది వానతో మెల్లగా ఇంకుతుందని అనుకుంటుంది. నేరుగా బావిలోకి పోయే దారుల్ని అది పట్టించుకోదు. ఎండిపోయి మూత లేకుండా వదిలేసిన బోర్లు, కేసింగ్ చుట్టూ సిమెంటు లేని బోర్లు, నేలమట్టానికే ఉన్న బావులు, బావి గట్టు మీదే పంపు కడిగే అలవాటు, ఇవన్నీ తిరిగి చూసి రాయాల్సినవి.

ఒకటి నేను నా చేతులారా చేసిందే. జూలైలో మందు కలిపే డ్రమ్ములో మోటార్ పైపు వేసి నీళ్లు పట్టాను. పైపు మూతి మందునీళ్లలో మునిగి ఉంది. నడుమ కరెంటు పోయింది. పైపులోని నీళ్లు వెనక్కి జారుతూ డ్రమ్ములోని మందునీళ్లనీ లాక్కుపోయాయి. నేను తేరుకుని పైపు ఎత్తేసరికి డ్రమ్ము సగమైంది. ఆ సీజనంతా ఆ బోరు నీళ్లు ఇంట్లోకి రానివ్వలేదు. నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్-రిటర్న్ వాల్వు ఉంటే అలా జరిగేది కాదు. డ్రిప్‌లో ఎరువు కలిపే వెంచురీ ఉన్నవాళ్లకు కూడా ఇదే ముప్పు. కాబట్టి మీ పట్టీలో 'వాల్వు ఉందా' అన్న గడి తప్పకుండా పెట్టండి.

నీళ్లు పరీక్ష చేయించి లెక్కను సరిచూడండి

ఎక్కువ మార్కులు వచ్చిన గళ్ల నుంచే కాదు, తక్కువ వచ్చిన గళ్ల నుంచి కూడా నమూనాలు తీయాలి. లేకపోతే లెక్క తప్పో ఒప్పో తేలదు. మే చివర ఒకసారి, తొలకరి తర్వాత మూడు నాలుగు వారాలకు ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి తీయండి. నడుమది వదలొద్దు, నెర్రెల దారిన దిగింది కనిపించేది అప్పుడే.

శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా నింపండి. బోరైతే పది నిమిషాలు పారనిచ్చి పట్టండి. బావిలోనైతే పై తెట్టు కాకుండా రెండడుగుల లోపలి నీళ్లు తీయండి. సీసా మీద గడి, బావి, తేదీ, టైము రాసి, ఐసు పెట్టెలో ఒక రోజులోపు ల్యాబ్‌కు చేర్చండి. నైట్రేట్‌తో పాటు క్లోరైడ్, ఫ్లోరైడ్ కూడా చేయమనండి. జల్ జీవన్ మిషన్ కింద గ్రామాలకు ఇచ్చిన పరీక్ష కిట్లు పంచాయతీలో ఉంటాయి, ఊళ్లో కొందరు ఆడవాళ్లకు వాటిని వాడటం నేర్పించారు. ముందు వాళ్లతో అన్ని బావులూ చూపించి, అనుమానం ఉన్నవి ల్యాబ్‌కు పంపితే ఖర్చు తగ్గుతుంది.

రిపోర్టు చేతికి రాగానే 'నైట్రేట్‌గా' రాశారా, 'నత్రజనిగా' రాశారా చూడండి. రెండో తీరులో రాస్తే 4.43తో గుణించాలి. 11 అని చూసి హాయిగా ఊపిరి పీల్చుకున్న చోట అసలు అంకె 49 కావచ్చు.

తర్వాత గళ్లను మార్కుల వరసలో, నైట్రేట్ వరసలో రెండు పట్టీలు రాసి పక్కపక్కన పెట్టండి. రెండూ దాదాపు కలిస్తే మీ లెక్క నిలబడింది. కలవని గళ్ల దగ్గరే అసలు పని. మార్కులు తక్కువ, నైట్రేట్ ఎక్కువ అయితే బావి నోటి పట్టీ తిరగేయండి. క్లోరైడ్ కూడా ఎక్కువుంటే పెంటకుప్ప మీదో మరుగుదొడ్డి గుంత మీదో అనుమానం పెట్టుకోండి. మార్కులు ఎక్కువ, నైట్రేట్ తక్కువ అయితే అక్కడ వరి ఉందా చూడండి. నీళ్లు నిలిచి గాలి అందని మట్టిలో నైట్రేట్ వాయువుగా మారి ఎగిరిపోతుంది. ఫ్లోరైడ్‌ను మాత్రం ఈ లెక్కలోకి లాగొద్దు. అది గ్రానైట్ రాతిలోంచే వస్తుంది, 1.5 మిల్లీగ్రాములు దాటితే దాని దారి వేరు, మందు వేరు.

నైట్రేట్ 45 దాటిన బావి నీళ్లు ఆరు నెలల లోపు పిల్లల పాలడబ్బాలో కలపకూడదు, గర్భిణులకు ఇవ్వకూడదు. ఆ మాట ల్యాబ్ కాగితం వచ్చిన రోజే ఆ ఇంటికి వెళ్లి చెప్పండి. కాచినా నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కనవుతుంది. ఆర్‌ఓ తీస్తుంది, లేదా వేరే బావి నీళ్లు చూసుకోవాలి.

పటం గీసి గ్రామసభలో పెట్టండి

మొత్తం మార్కుల్ని బట్టి గళ్లను మూడు భాగాలు చేసి ఎరుపు, పసుపు, పచ్చ రంగులు వేయండి. ఎరుపు గళ్లలో తాగునీటి బావి ఉంటే దాని చుట్టూ మొదట కదలాలి: పెంటకుప్ప జరపడం, పాత బోరు మూయడం, యూరియాను మూడు నాలుగు దఫాలుగా విడగొట్టి వేయడం, నెర్రెలు మూసుకోక ముందు, పెద్దవాన ముందు అసలు వేయకపోవడం.

పటం మరాఠీలోనూ తెలుగులోనూ రాయండి. పంచాయతీ రికార్డుకు మరాఠీ కావాలి, పిల్లలు బడిలో చదివేది కూడా అదే. ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దవాళ్లకు ఎవరైనా చదివి వినిపించాలన్నా మన మాటల్లో ఉంటేనే అందుతుంది. గళ్లకు 1, 2, 3 అని పేర్లు పెట్టొద్దు. 'ఏడో గడి' అంటే మా ఊళ్లో ఎవరూ తలెత్తలేదు. 'మర్రిచెట్టు రేగడి' అనగానే వెనక వరసలోంచి నలుగురు లేచి పటం దగ్గరికి వచ్చారు, వాళ్లలో ఒకాయన తన బావి ఉన్న చోట వేలు పెట్టి, "ఇది ఎరుపెందుకైంది, చెప్పు" అని అడిగాడు. ఆయనకు చెప్పడానికి మీ కొలతల నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి.